కిలో మూడువందల గ్రాములు, డ్రైవు కాకుండా

ఆ ల్యాప్‌టాప్‌ను మా వీధి చివరి మిఠాయి కొట్టులో తూయించాను. కొట్టతను ముందు దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఏమ్మా, కిలో ఎంతకిస్తావు?" అన్నాడు.

"నువ్వు తూచు నాయనా, బేరం తర్వాత" అన్నాను.

తక్కెడ మీద కాగితం పరిచి, ల్యాప్‌టాప్‌ను మైసూర్‌పాకు పళ్లెం పెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి 1.300 దగ్గర నిలబడ్డాయి. అట్టపెట్టె మీద రాసింది కూడా అంతే. అయినా తూయించాల్సిందే. చిత్తూరులో ప్రభుత్వాసుపత్రి మందుల గదిలో ముప్పై మూడేళ్లు పనిచేసినదాన్ని. సీసా మీద ఏం రాసి ఉన్నా, చేతికి వచ్చిందేమిటో చూసుకోకుండా కిటికీలోంచి అవతలికి ఇచ్చే అలవాటు నాకు లేదు.

ఇది 2006 జూలై మాట. నేను రిటైరై అప్పటికి ఆరేళ్లు. తిరుపతిలో మా చెల్లెలి కూతురూ నేనూ కలిసి ఉండేవాళ్లం. చెల్లెలూ మరిదీ చిత్తూరులోనే ఉన్నారు. ఈ పిల్లకు తిరుపతిలో ఫ్లెక్సీ బోర్డులు ముద్రించే షాపులో ఉద్యోగం. నాయకుల ముఖాలు కత్తిరించి, వెనక సూర్యుడిని పెట్టి, కింద జన్మదిన శుభాకాంక్షలు రాయడం. ఒక ఎమ్మెల్యే పుట్టినరోజుకు ఒకే ముఖాన్ని నలభై ఏడు బోర్డుల మీద పెట్టిందట. ఆ రోజు ఇంటికొచ్చి, "పెద్దమ్మా, నాకు ఆయన మూతి మీది పుట్టుమచ్చ కూడా కంఠతా వచ్చేసినాది" అన్నది.

ఆమె మనసంతా చీర అంచుల మీద ఉండేది. నగరిలో మగ్గాల మీద పట్టు నేసేవాళ్లకు అంచు డిజైన్లు కావాలి. పూర్వం గళ్ల కాగితం మీద, ఒక గడికి ఒక దారం లెక్కన, చుక్కలు పెట్టి గీసేవారు. ఆ కాగితంలోని ఒక్కొక్క వరసకు ఒక్కొక్క అట్ట. చుక్క ఉన్నచోట అట్టకు రంధ్రం కొడతారు. ఆ అట్టలు వరసగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, ఏ దారం లేవాలో ఏది పడుకోవాలో రంధ్రాలే చెబుతాయి. ఇప్పుడు ఆ గళ్ల కాగితం పని కంప్యూటర్ చేస్తుంది. నగరిలోని నేతగాళ్ల సంఘానికి డిజైన్లు బెంగళూరు నుంచి ఒకాయన పంపేవాడు. ఆయన మగ్గం దగ్గరికి ఎప్పుడూ రాలేదు. అంచు ఒక దారం ఎక్కువైందంటే మళ్లీ ఉత్తరం, మళ్లీ వారం.

ఈ పిల్ల ఆలోచన అల్లా, తానే కంప్యూటర్ తీసుకుని మగ్గం దగ్గరికి పోవడం. వాళ్లు కళ్లెదుట చూసి ఇక్కడ తగ్గించు, అక్కడ పెంచు అంటే, అక్కడికక్కడే మార్చి చూపించడం. సంఘం వాళ్లు ఒప్పుకుంటే ఫ్లెక్సీ షాపు మానేయవచ్చు. ఒప్పుకోకపోతే మళ్లీ ఆ ముఖాలే.

ఇంట్లో ఉన్న పెద్ద కంప్యూటర్‌ను బస్సులో మోయలేం. ల్యాప్‌టాప్ కొనాలి. అంతకుముందేడు రేణిగుంట రోడ్డులో ఆటో బోల్తాపడి ఆమె ఎడమ భుజం విరిగింది. ఎముక అతికింది కానీ సరిగ్గా అతకలేదు. రెండు కిలోలకు మించి ఆ భుజానికి తగిలించవద్దని డాక్టరు చెప్పాడు. కుడి చేత్తో బస్సు కమ్మీ పట్టుకోవాలి గనుక సంచీ ఎడమ భుజానికే పడుతుంది. కాబట్టి రెండు కిలోలు. నేను ఈ అంకెను పట్టుకున్నాను.

చెన్నైలో షాపతను రెండు రకాలు చూపించాడు. ఒకటి రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. దానిలో డిస్కు పెట్టే డ్రైవు లోపలే ఉంది, బొమ్మలు గీయడానికి విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డూ ఉంది. రెండోది, నేను తర్వాత మిఠాయి కొట్టులో తూయించిన పల్చనిది. దానిలో డ్రైవు లేదు. గ్రాఫిక్స్‌కు విడి కార్డూ లేదు, ప్రధాన బోర్డులోనే ఇమిడి ఉంటుందన్నాడు.

"ఇమిడి ఉంటే మంచిదే కదా?" అన్నాను.

"మంచిదేమ్మా, కానీ దానికి సొంత మెమరీ ఉండదు. పెద్ద మెమరీలో కొంచెం తీసుకుంటాది" అన్నాడు. అతను తమిళుడు, తెలుగు బాగానే మాట్లాడాడు.

"ఎంత తీసుకుంటుంది?"

"అరవై నాలుగు ఎంబీ."

"పెట్టె మీద మెమరీ ఐదు వందల పన్నెండని ఉంది. అందులో అరవై నాలుగు పోతే నాలుగు వందల నలభై ఎనిమిది. ఆ మాట పెట్టె మీద రాయలేదే?"

అతను మా పిల్ల వైపు తిరిగి, "మీ పెద్దమ్మ ఏం పని చేసినారు?" అని అడిగాడు.

ఆమెకు బరువైనదే కావాలని ఉంది. చీర కొంగు మొత్తం ఒకేసారి తెర మీదికి రావాలంటే విడి గ్రాఫిక్స్ కార్డు ఉండటం మేలని ఆమెకు తెలుసు. పైగా డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌కు ఒక చాదస్తం ఉంది. ఎవరూ కాపీ చేసుకోకుండా, దాన్ని తెరిచిన ప్రతిసారీ అసలు డిస్కు డ్రైవులో ఉండాలి. లేకపోతే తెరుచుకోదు. డ్రైవు లేని ల్యాప్‌టాప్ కొంటే విడి డ్రైవు ఒకటి వెంట మోయాలి.

"పెద్దమ్మా, బరువు నేను సూసుకుంటాలే" అన్నది.

"భుజం నీది, రెండు కిలోలు డాక్టరువి. నీదీ నాదీ కాదు" అన్నాను. పల్చనిదే కొన్నాం. అది నా మాట మీద జరిగింది. ఈ సంగతి ముందే రాసి పెడుతున్నాను.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. ల్యాప్‌టాప్ 1,300. ఛార్జరు 320. షాపువాడు ఇచ్చిన సంచీ 480. మొత్తం 2,100. సంచీ మార్చి, గుడ్డసంచీలో దూది పరిచి కుట్టాను. అది 150 అయింది. అప్పుడు 1,770. విడి డ్రైవు, దాని తీగతో కలిపి 410. మొత్తం 2,180. నూట ఎనభై గ్రాములు ఎక్కువ.

అందుకని డ్రైవును నేను మోయడం మొదలుపెట్టాను. జూలై నుంచి సెప్టెంబరు దాకా నగరికి ఆరుసార్లు పోయాం. ఆమె భుజాన ల్యాప్‌టాప్, నా చేతిసంచీలో డ్రైవు, మంచినీళ్ల సీసా, రెండు పెరుగన్నం డబ్బాలు. సంఘం పెద్దాయన మొదటిరోజే అడిగాడు: "పాపా, ఈయమ్మ యాడికి పోయినా నీ ఎంబడే వస్తాదా?"

"డ్రైవు ఆమె దగ్గరుండాది పెద్దయ్యా. ఆమె లేకుంటే ఇది తెరుసుకోదు."

"మా ఇంట్లో కూడా అంతేలే. ఆమె లేకుంటే బీరువా తెరుసుకోదు" అన్నాడు పెద్దాయన. పక్కన దారం కండెలు చుడుతున్న ఆయన భార్య తల ఎత్తకుండానే, "బీరువాలో ఏముండాదని తెరిసేది?" అన్నది.

విడి డ్రైవు తీగకు ల్యాప్‌టాప్‌లో గుచ్చే ముళ్లు రెండు ఉండేవి. ఒకటి డిస్కులోని సంగతులు చదివేందుకు, రెండోది దానికి చాలినంత కరెంటు లాక్కోవడానికి. రెండూ గుచ్చితే గానీ డిస్కు సరిగ్గా తిరిగేది కాదు. ఇంటి కంప్యూటర్‌లో కొంగు మొత్తం గీయడానికి ఆరు సెకండ్లు పడితే ఈ పల్చనిదానిలో నలభై పట్టేది. గడియారం పెట్టి చూశాను. ఆ నలభై సెకండ్లు నాకు సిగ్గుగా ఉండేది, పల్చనిది కొనమన్నదాన్ని నేనే గనుక. పెద్దాయన మాత్రం తెర మీద అంచు కొంచెం కొంచెంగా పరుచుకోవడం చూస్తూ, "మా నాయన ఇది గీసేదానికి నెల పట్టేది. కానీలే, మనకి యాడికన్నా పోవాల్నా?" అనేవాడు.

ఆరోసారి పోయినప్పుడు పెద్దాయన తేల్చి చెప్పాడు. విజయదశమి రోజు సంఘంలో అందరూ కూర్చుంటారు. కొత్త అంచుకు మొదటి అట్ట ఆ రోజే కొడతారు. ఎవరి డిజైను అట్ట కొడితే ఆ సంవత్సరం మగ్గాలు వాళ్ల డిజైన్లే నేస్తాయి. బెంగళూరాయనది కూడా వస్తుంది. ఈమెది కూడా చూస్తారు.

ఆ ఏడు ఆయుధపూజ అక్టోబరు ఒకటి ఆదివారం, విజయదశమి రెండు సోమవారం. గాంధీ జయంతీ దశమీ ఒకే రోజు పడ్డాయి.

ఆయుధపూజ మా ఇంట్లో శ్రద్ధగా చేసేవాళ్లం. కత్తిపీట, కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, నేను మందుల గదిలో వాడి తర్వాత సొంతానికి కొనుక్కున్న కల్వం, చిన్న త్రాసు, ఇంటి కంప్యూటర్, ల్యాప్‌టాప్, విడి డ్రైవు, అన్నీ కడిగీ తుడిచీ పీట మీద వరసగా పెట్టాను. ఆమె పొద్దున పదింటిదాకా పనిచేసి, డిస్కు తీసి దాని పెట్టెలో పెట్టి, డ్రైవు పళ్లెం ముందుకు లాగి ఉండగానే లేచింది.

"పెద్దమ్మా, నువ్వే బొట్లు పెట్టేయ్. నేను తలకి పోసుకుంటా" అని స్నానానికి పోయింది.

బొట్టు పెట్టడంలో నాకొక పద్ధతి ఉంది. చాలామంది వస్తువు పైన ఎక్కడో ఒకచోట పెట్టేస్తారు. కత్తికి పిడి మీద, మిషనుకు చక్రం మీద. నేను అలా పెట్టను. ఏ చోటు పనిచేస్తుందో ఆ చోటికి బొట్టు. కత్తికి అలుగు మీద, మిషనుకు సూది దిగే రేకు మీద, కల్వానికి లోపల అడుగున, త్రాసుకు రెండు పళ్లాల్లోనూ. పూజ అందే చోటు అదే కదా అని మా అమ్మ చెప్పేది, నేను అదే పాటించాను. ఇంటి కంప్యూటర్‌కు మౌసు మీద పెట్టాను. ల్యాప్‌టాప్‌కు మౌసు బదులు వేలితో రుద్దే పలక అంచున పెట్టాను.

డ్రైవు దగ్గరికొచ్చేసరికి పళ్లెం ముందుకు వచ్చి ఉంది. ఇంటి కంప్యూటర్‌లో డ్రైవు పళ్లెం ఎన్నోసార్లు చూశాను. అది ఉత్త ప్లాస్టిక్కు. చదివే కన్ను ఎక్కడో లోపలే దాగి ఉంటుంది, బయటికి రాదు. ఈ పల్చని విడి డ్రైవులో ఆ కన్ను కూడా పళ్లెంతోపాటే బయటికొస్తుంది. కందిబద్ద కంటే చిన్నది, నీలంగా మెరుస్తూ, పళ్లెం మధ్యలో చిన్న గాడిలో కూర్చుని ఉంది. చూడగానే అర్థమైంది, డిస్కును చదివేది ఇదేనని. పనిచేసే చోటు ఇదే.

ఉంగరపు వేలి కొసతో చందనం తీసి, ఆవగింజంత బొట్టు సరిగ్గా దాని నడిమధ్య పెట్టాను. దానిపైన కుంకుమ. పళ్లెం లోపలికి నెట్టాను.

సాయంత్రం ఆమె అడిగింది: "రేపటికి ఒక్కసారి తెరిసి సూసుకుంటా పెద్దమ్మా. ఒకే ఒక్కసారి."

"పూజలో పెట్టినవి రేపు హారతి ఇచ్చేదాకా ముట్టకూడదు" అన్నాను.

"ముట్టకుండా తెరిసేదెట్ల?"

"అందుకే తెరవొద్దంటున్నాను."

ఆమె నవ్వి ఊరుకుంది. మరునాడు ఆరింటికి హారతి ఇచ్చి, ఏడింటి బస్సు ఎక్కాం. తెరిచి చూసుకునే వ్యవధి లేదు.

నగరిలో సంఘం షెడ్డులో పదకొండు మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మగ్గాలకు మామిడాకులు కట్టారు. పెద్దాయన ఇంటి నుంచి టీవీ తెప్పించి, పల్చని ల్యాప్‌టాప్‌లో అందరికీ కనబడదని, తీగతో దానికి కలిపారు. ఆమె డ్రైవు ముళ్లు రెండూ గుచ్చి, డిస్కు పెట్టింది.

డిస్కు తిరిగింది. టిక్కుమంది. మళ్లీ తిరిగింది. మళ్లీ టిక్కుమంది. అసలు డిస్కు పెట్టమని తెర మీద వచ్చింది.

ఆమె డిస్కు తీసి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, మళ్లీ పెట్టింది. అదే మాట. ముళ్లు మార్చి గుచ్చింది. అదే మాట.

"ఏమబ్బా, బొమ్మ రాదా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"పండగ గదా, అది కూడా సెలవు పెట్టినట్టుండాది" అన్నాడు ఇంకొకాయన.

నాలుగోసారి ఆమె డిస్కు తీసి పళ్లెంలోకి వంగి చూసింది. పక్కనే ఉన్నాను, నేనూ చూశాను. కంటి మీద ఎండిన చందనం, చుట్టూ ఎర్రటి పొడి. ఆమె నా వైపు ఒకే ఒక్కసారి చూసి, అరచేత్తో పళ్లెం లోపలికి నెట్టేసింది.

"డ్రైవు మొరాయిస్తా ఉండాది పెద్దయ్యా. పాతదైపోయినాది" అన్నది.

అది కొని మూడు నెలలు కూడా కాలేదు. నా ముఖం దాచడానికే ఆమె అలా అన్నది. ముప్పై మూడేళ్లలో నా చేతి మీదుగా ఒక్క మందు తప్పు పోలేదు. తప్పు పోతే ఒప్పుకోవడం ఎలాగో నేర్చుకునే అవసరం కూడా రాలేదు. లేచి నిలబడ్డాను.

"డ్రైవుకేమీ కాలేదయ్యా. నిన్న పూజలో దాని కంటి మీద నేను బొట్టు పెట్టాను. అందుకే చదవడం లేదు. తప్పు నాది" అన్నాను.

షెడ్డంతా నవ్వు. పెద్దాయన భార్య మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అక్కా, పని సేసేదానికే పెట్టాలనుకున్నావా?"

"అవును."

"మేము మగ్గంలో దారం మోసే నాడెకు పెడతామక్కా. నాడెలో దారానికి పెట్టము. దారానికి పెడితే సీర పాడైపోతాది" అన్నది.

ఇంత చిన్న మాట నాకు అరవై నాలుగేళ్ల వరకూ తట్టలేదు.

కొట్లన్నీ మూసి ఉన్నా మందుల షాపు తెరిచి ఉంటుంది. పోయి స్పిరిటు, దూది తెచ్చాను. అగ్గిపుల్లకు దూది చుట్టి, తడిపి, పిండేసి, పుట్టిన బిడ్డ కళ్లు తుడిచినట్టు తుడిచాను. ఆ కన్ను సన్నని తీగల మీద నిలబడి ఉంటుందట, దూది తగిలితేనే అటూ ఇటూ కదిలింది. నాలుగు పుల్లలు మార్చాను. ఎరుపంతా పోయింది. కానీ చందనపు రజను గీసిందో, చుట్టుపక్కల ఎక్కడైనా చేరిందో, డ్రైవు ఈసారి డిస్కు పేరు మాత్రం చూపించి ఆగిపోయింది. పేరు చదువుతుంది, లోపలిది చదవదు.

పదీ యాభై అయింది. పెద్దాయన లేచాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"పాపా, రెండున్నరకి మంచి టయిము. శాస్త్రానికి ఇయ్యాల అట్ట కొట్టకుండా ఉండలేము. బెంగళూరాయనది వచ్చి ఉండాది. అది కొడతాము. నీది వచ్చే ఏడు సూద్దాం."

వచ్చే ఏడు అంటే ఇంకో మూడు వందల అరవై అయిదు రోజులు ఆ ముఖాలు.

ఆమె ల్యాప్‌టాప్ వైపు చూసింది. అందులో తొలిరోజుల్లో గీసిన మామిడి పిందెల అంచు బొమ్మ ఒకటి విడిగా దాచి ఉంది. అది సాఫ్ట్‌వేర్ లేకపోయినా తెరుచుకుంటుంది. తెరిచింది, టీవీలోనూ వచ్చింది. కానీ ఆ బొమ్మ యాభై నాలుగు దారాల వెడల్పు. ఈ మగ్గాల్లో అంచుకు మిగిలేది నలభై ఎనిమిది. ఆరు దారాలు తగ్గించాలి. సాఫ్ట్‌వేర్ ఉంటే నలభై సెకండ్లు.

"పెద్దయ్యా, మీ నాయన గీసిన గళ్ల పుస్తకాలు ఉండాయి గదా, వాటిల్లో ఖాళీ కాయితాలు ఉండాయా?" అని అడిగింది.

"ఉంటాయి. ఎందుకు?"

"రెండున్నరకి ఇస్తా. సేతితో."

పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. అందరినీ చూశాడు. వెనకాయన, "రెండున్నర దాకా అన్నం తినేదే గదా, గీయనీ" అన్నాడు. కాగితాలు వచ్చాయి. పాతబడి అంచులు పసుపైపోయాయి, గళ్లు మాత్రం చక్కగా ఉన్నాయి.

నలభై ఎనిమిది గళ్ల వెడల్పు, అరవై వరసల పొడవు. రెండువేల ఎనిమిది వందల ఎనభై గళ్లు. తెర మీది బొమ్మను చూస్తూ, ఆరు దారాలు ఎక్కడెక్కడ తీసేయాలో మనసులోనే తేల్చుకుంటూ, పెన్సిలుతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. పిందె కడుపు దగ్గర రెండు, తోక దగ్గర ఒకటి, మధ్య ఖాళీలో మూడు. నేను పక్కన కూర్చుని ఆమె వెనకే లెక్కపెడుతూ వచ్చాను. పదిహేడో వరసలో ఎనిమిది చుక్కలు ఉండాల్సినచోట ఏడే ఉన్నాయి.

"పాపా, పదిహేడులో ఒకటి తక్కువ" అన్నాను.

పెన్సిలు ఆగింది. ఆమె తల ఎత్తలేదు.

"పెద్దమ్మా, నువ్వు పక్కకి పోయి కూర్సో. నిన్నటి నుంచి నీ కచ్చితం సాలు."

ఆ రోజు మొత్తంలో ఆమె నన్ను అన్న మాట అదొక్కటే. లేచి పోయాను. పెద్దాయన భార్య కండెలు చుట్టే రాట్నం దగ్గర చోటు చూపించింది. కాసేపు దారం కొస అందించడం నేర్పింది.

"కోపంగా ఉండాదా పిల్ల?"

"ఉండాల్సిందే కదమ్మా."

"కోపంలో గీసిన గీత తిన్నగా వస్తాదిలే. మా మామ పోట్లాడకుండా ఒక్క అంచు గీసింది లేదు" అన్నది.

పన్నెండున్నరకు అందరూ అన్నాలకు లేచారు. పొంగలి, వడలు, చింతపండు పులుసు. ఆమెకు ఆకు తీసుకుపోతే, "ఆడ పెట్టు" అని చేత్తో చూపించింది. వడ ఒక్కటి తిన్నది. నేను దూరం నుంచే చూస్తూ కూర్చున్నాను. ఇక్కడి నుంచి కూడా వరసలు కనబడుతున్నాయి కానీ లెక్కపెట్టలేదు. రాట్నం వైపు తిరిగి కూర్చున్నాను.

ఒకటీ నలభైకి పిలిచింది.

"పెద్దమ్మా."

"ఏం?"

"ఇట్ల రా. మొదటి నుంచి లెక్క సూడు. తప్పుంటే సెప్పు."

పదిహేడో వరస సరిచేసి ఉంది. నలభై ఒకటో వరసలో తోక చివర ఒక చుక్క గడి పక్కకు జరిగింది. చెప్పాను. చెరిపి పెట్టింది. యాభై మూడులో నాకు అనుమానం వచ్చింది, రెండుసార్లు లెక్కపెట్టాను. సరిగానే ఉంది. అనుమానపడిన మాట ఆమెకు చెప్పలేదు.

రెండూ ఐదుకు కాగితం పెద్దాయన చేతికి వెళ్లింది. ఆయన దాన్ని మగ్గం దగ్గరికి తీసుకుపోయి, అంచు దారాల మీద ఆనించి, వేలితో ఒక్కొక్క గడి తడుముతూ పోయాడు. తర్వాత బెంగళూరాయన డిజైను పక్కన పెట్టి చూశాడు. నలుగురైదుగురు మూగారు. ఎవరేమన్నారో నాకు వినబడలేదు. ఆమె కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని నిలబడి ఉంది. మూడు గంటలు వంగి కూర్చుంటే నొప్పి రాకుండా ఉంటుందా.

"ఉన్నమాట సెబుతా పాపా" అన్నాడు పెద్దాయన. "బెంగళూరాయనది ఇంతకన్నా సక్కగా ఉండాది. పిందె నీట్‌గా ఉండాది. నీ పిందె కొంచెం బొద్దుగా ఉండాది."

"ఊ" అన్నది.

"కానీ ఆయనది మళ్లీ రెండు దారాలు ఎక్కువ. ఉత్తరం రాయాల. ఇది ఇయ్యాలే మగ్గానికి ఎక్కుతాది." ఆయన మిగతావాళ్ల వైపు తిరిగాడు. "మగ్గాలన్నీ ఇయ్యలేము. ఉత్తరం జవాబు వచ్చినాక మిగతావి ఆయనకే. రెండు మగ్గాలు ఈ పాపకి. ఏమంటారబ్బా?"

"రెండే గదా, కానీ" అన్నాడు వెనకాయన.

సంవత్సరమంతా, మగ్గాలన్నీ అనుకుని వచ్చాం. రెండు మగ్గాలు. ఆమె ముఖంలో సంతోషమేమైనా ఉందా అని చూశాను. సరిగ్గా తెలియలేదు.

సరిగ్గా రెండున్నరకు మొదటి అట్ట కొట్టారు. ఎత్తు బల్ల మీద రెండు ఇనుప పలకల మధ్య అట్ట పెట్టి, చుక్క ఉన్నచోటల్లా చిన్న ఉలి ఆనించి సుత్తితో కొడతారు. మొదటి రంధ్రం ఆమెను కొట్టమన్నారు. ఎడమ చెయ్యి ఉలిని అంత ఎత్తులో పట్టుకోలేకపోయింది. పెద్దాయన భార్య ఉలి పట్టుకుంది, ఈమె కుడిచేత్తో కొట్టింది. మొదటి దెబ్బకు తెగలేదు. రెండో దెబ్బకు అట్టలోంచి గుండ్రటి చిన్న ముక్క కింద పడింది.

బస్సు పుత్తూరు దాటాక నేనే అన్నాను: "ఆ బరువైనదే కొనుంటే డ్రైవు లోపలే ఉండేది. కన్ను బయటికొచ్చేది కాదేమో."

"ల్యాప్‌టాప్‌లో లోపలుండేది కూడా పల్చని డ్రైవే పెద్దమ్మా. పళ్లెం లాగితే కన్ను దాంట్లో కూడా బయటికే వస్తాది. నువ్వు దానికీ పెట్టుంటావు."

"పెట్టుండేదాన్ని" అని ఒప్పుకున్నాను. అప్పుడు నవ్వింది. నేనూ నవ్వాను.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఫ్లెక్సీ షాపుకు పోయి, ఇకనుంచి మధ్యాహ్నం దాకానే వస్తానని యజమానికి చెప్పింది. ఎందుకని అడిగితే నగరి సంగతి చెప్పింది.

"రెండు మగ్గాలకేనా?" అన్నాడట ఆయన.

"ఇప్పటికి రెండే" అన్నదట.